దీపావళికి మామిడితోటలో పడుకునే అన్న

యాంకర్: అన్నా, దీపావళి రాత్రి మీరు ఇంట్లో ఉండరంట, నిజమేనా?

అన్న: (నవ్వు) మీ వదిన చెప్పిందా? చంద్రగిరి దాటినాక మాకు మామిడితోట ఉండాది. పొద్దుగూకకముందే పోయి మోటారు షెడ్డులో పడుకుంటా. మోటారు మోతకి నాకేం కాదు, ఒకే తీరుగా మోగతా ఉంటాది. ఉన్నట్టుండి ఢామ్మంటేనే కష్టం. పక్కింటి పిలకాయలు లక్ష్మీబాంబు పెట్టినారని బుద్ధికి తెలుసు. ఒళ్ళు వినదే! నేనప్పటికే మంచం కింద ఉంటా.

యాంకర్: రిటైరై ఎన్నాళ్ళయింది?

అన్న: తొమ్మిదేండ్లు. 22 ఏండ్ల ఆర్మీ సర్వీసులో కాశ్మీరులో కుప్వారా పక్క రెండు తడవలు చేసినా. అక్కడ సద్దు వినపడితే ముందు ఒళ్ళు కదలాల, ఆలోచన తర్వాత. ఆ అలవాటే నాతోపాటు తిరుపతిలో రైలు దిగింది. ఇప్పటికీ టిఫినుకి పోతే గోడకానుకొని, వాకిలి కనపడే కుర్చీలోనే కూర్చుంటా. ఆ కుర్చీ ఖాళీ లేదంటే ఇడ్లీ వద్దు, ఏమొద్దు.

యాంకర్: వినేవాళ్ళకి ఒక్క మాట. 1915లో చార్లెస్ మయర్స్ అనే డాక్టరు దీన్ని ‘షెల్ షాక్’ అని రాశాడు. పీటీఎస్‌డీ, అంటే భయంకరమైనవి చూసినాక మనసులో మిగిలిపోయే జబ్బు, ఆ పేరుతో వైద్యుల పుస్తకంలోకి ఎక్కింది 1980లో. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యం, పారిపోయారనీ పిరికితనమనీ నేరాలు మోపి కాల్చేసిన సిపాయిల్లో – వాళ్ళలో కొందరికి ఈ జబ్బే ఉండిందంటారు – 306 మందికి 2006లో క్షమాభిక్ష పెట్టారు.

అన్న: చచ్చిపోయినోళ్ళకి? (కాసేపు గమ్మునున్నారు)

యాంకర్: సర్వీసులో ఉండగా డాక్టరుకి చెప్పలేదా?

అన్న: యాడ చెప్తాం పాపా! మాకు షేప్ అని మెడికల్ కేటగిరీ ఉంటాది. అందులో ‘ఎస్’ అంటే మనసు. అది దిగితే ప్రమోషన్‌కి దెబ్బని భయం. చెవి వినపడలేదంటే చెప్పుకుంటాం, నిద్ర పట్టలేదంటే చెప్పుకోం. రమ్ము ఉండాది కదా. ఇంటికొచ్చినాక మాయమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. ఊరోళ్ళు తాగుబోతన్నారు.

యాంకర్: మరి ఆస్పత్రికి ఎప్పుడు పోయారు?

అన్న: ఒకరాత్రి నిద్రలో కేకలేస్తా ఉంటే మీ వదిన భుజం తట్టింది. చెయ్యి మెలేసినా. మూడు వారాలు కట్టు. అడిగినోళ్ళకంతా బాత్రూంలో జారిపడినా అని చెప్పింది. ఆ మాట నా ముందరే చెప్పింది పాపా. మర్నాడే పోయినా.

యాంకర్: మందులిచ్చారా?

అన్న: కొన్ని. ఎక్కువగా మాట్లాడించడమే. జరిగిన ఆ ఒక్కరోజునే మళ్ళీ మళ్ళీ చెప్పమంటాది డాక్టరమ్మ. మర్చిపోదామని నేను చూస్తా ఉంటే గుర్తుచేస్తాదేందని కోపమొచ్చేది. ఏడో తడవకో ఎనిమిదో తడవకో, చెప్తా ఉండగా చెమటకి చొక్కా తడవలేదని చూసుకున్నా. మీ వదినకి కూడా నేర్పించింది. ఇప్పుడు తట్టదు. వాకిట్లోనే నిలబడి లైటేసి, ‘నేనే, ఇంట్లో ఉండావు’ అంటాది.

యాంకర్: ఎవరికైనా అవసరమైతే, మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలి మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. అన్నా, ఈ దీపావళికి?

అన్న: మనవరాలు నాతోనే చిచ్చుబుడ్డి కాల్చాలంటాది. దానికి సద్దుండదు కదా, చూస్తా. ఒక్కోటి పేల్తాది కూడా, ఏం చెప్పేది... షెడ్డు తాళం జేబులో పెట్టుకుంటాలే.