ఎంఎంటీఎస్: పట్టాలు పెరిగాయి, బండ్లు ఎప్పుడు పెరుగుతాయి?

[తెర: సికింద్రాబాద్ స్టేషన్‌కు కాస్త ఇవతల ఔటర్ సిగ్నల్, అంటే స్టేషన్‌లోకి రాకముందు బండ్లను ఆపే సిగ్నల్. ఎర్ర లైటు. దాని ముందు ఆగిపోయిన ఎంఎంటీఎస్. తలుపుల దగ్గర నిలబడ్డవాళ్లు తలలు బయటపెట్టి ముందుకు చూస్తున్నారు.]

వాయిస్: స్టేషన్ అల్లంత దూరంలో కనిపిస్తూనే ఉంటుంది. బండి మాత్రం కదలదు. పక్క లైన్లో ఒక ఎక్స్‌ప్రెస్ పోతుంది, కాసేపటికి ఇంకొకటి. రోజూ తిరిగేవాళ్లకు ఇది అలవాటే. "ఔటర్‌లో ఆపేశాడు, లేటవుతుంది" అని ఆఫీసుకు ఒక ఫోన్ కొట్టి ఊరుకుంటారు.

ఎంఎంటీఎస్, అంటే హైదరాబాద్ లోకల్ రైళ్ల కోసం చేసిన పనులు, చేయబోయే పనులు చాలానే ఉన్నాయి. వాటన్నిటినీ ఒకే ప్రశ్న అడుగుదాం: దీనివల్ల ఈ బండి ఇలా ఆగడం తగ్గుతుందా?

[తెర: తొలి దశ రూట్ మ్యాప్. సికింద్రాబాద్, నాంపల్లి, లింగంపల్లి, ఫలక్‌నుమా ఒక్కొక్కటిగా వెలుగుతాయి.]

వాయిస్: ఎంఎంటీఎస్ మొదలైంది 2003 ఆగస్టు 9న. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, రైల్వే కలిసి పెట్టిన ప్రాజెక్టు. ముంబైలో లోకల్ రైళ్లకు చాలా దూరం సొంత పట్టాలున్నాయి. మనకు ఆ భాగ్యం లేదు. ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్స్ బండ్లు తిరిగే లైన్ల మీదే మన లోకల్ కూడా తిరగాలి, ఖాళీ దొరికినప్పుడే కదలాలి. కొత్త లైన్లు వేసే పని పెద్దగా లేకపోవడం వల్లే అప్పట్లో తక్కువ ఖర్చులో అయిపోయింది. ఆ పొదుపు ఫలితమే ఇప్పుడు ఔటర్‌లో అనుభవిస్తున్నాం.

[తెర: రెండో దశ లైన్లు వేరే రంగులో.]

వాయిస్: రెండో దశ 2012–13లో మంజూరైంది. ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది. ఆ వాటాల దగ్గరే ప్రాజెక్టు ఏళ్ల తరబడి నలిగింది. చివరికి 2023 ఏప్రిల్ 8న మేడ్చల్, ఉందానగర్ వైపు బండ్లు మొదలయ్యాయి. ఉందానగర్ నుంచి శంషాబాద్ విమానాశ్రయం దాకా వేయాల్సిన ఆరు కిలోమీటర్లు మాత్రం కాగితం మీదే ఉండిపోయాయి. పెట్టె పట్టుకుని విమానం ఎక్కాల్సినవాళ్లకు ఆ ఆరు కిలోమీటర్లే ముఖ్యం.

రెండో దశలో నన్ను అడిగితే అసలైన ముక్క మౌలాలి–సనత్‌నగర్ లైన్. ఇక్కడ కాసేపు ఆగుదాం.

[తెర: యానిమేషన్. మౌలాలి నుంచి సనత్‌నగర్ దాకా, సికింద్రాబాద్‌కు ఉత్తరంగా చుట్టు తిరిగే గీత. దాని మీద ఫిరోజ్‌గూడ, సుచిత్ర సెంటర్, భూదేవి నగర్, అమ్ముగూడ, నేరేడ్‌మెట్, మౌలాలి హౌసింగ్ బోర్డు.]

వాయిస్: 22 కిలోమీటర్ల లైన్ ఇది. అంతకుముందు ఈ దారిలో లోకల్ బండి అన్నదే లేదు. డబ్లింగ్ (రెండో పట్టా వేయడం), విద్యుదీకరణ పూర్తి చేసి, ఆరు కొత్త స్టేషన్లు కట్టి, 2024 మార్చి 5న ఘట్‌కేసర్–లింగంపల్లి సర్వీసు ప్రారంభించారు. గొప్పతనం ఎక్కడంటే, ఈ బండి సికింద్రాబాద్ స్టేషన్‌లోకి వెళ్లనే వెళ్లదు. నేరేడ్‌మెట్‌లో ఎక్కి హైటెక్ సిటీ వైపు పోయేవాళ్లకు సికింద్రాబాద్ ప్లాట్‌ఫాం ఖాళీ అయ్యేదాకా ఎదురుచూసే పని లేదు.

పైగా ఆ 22 కిలోమీటర్లూ ఆటోమేటిక్ సిగ్నలింగ్. పాత పద్ధతిలో రెండు స్టేషన్ల మధ్య ఒకేసారి ఒక బండికే అనుమతి. ముందు బండి అవతలి స్టేషన్ చేరితే గానీ వెనక బండికి సిగ్నల్ పడదు. ఆటోమేటిక్‌లో స్టేషన్ల మధ్య దారిని సిగ్నళ్లతో చిన్న ముక్కలు చేస్తారు. ముందు బండి ఒక ముక్క దాటగానే వెనక సిగ్నల్ దానంతట అదే మారుతుంది. ఒకదాని వెనక ఒకటి బండ్లు నడపొచ్చు.

నడపొచ్చు. కానీ లైన్ తెరిచిన కొత్తలో నడిపినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కొత్త స్టేషన్, కొత్త ప్లాట్‌ఫాం, పెయింట్ వాసన కూడా పోలేదు, బండే లేదు. ఈ లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాదు.

[తెర: చర్లపల్లి టెర్మినల్ ముఖద్వారం. బయట ఆటోల వరస.]

వాయిస్: ఇక చర్లపల్లి టెర్మినల్. 2025 జనవరి 6న ప్రారంభమైంది, ఖర్చు సుమారు 413 కోట్లు. దూరప్రాంతాల రైళ్లు కొన్ని అక్కడికి మారితే సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ మీద ఒత్తిడి తగ్గుతుంది. అంటే మన మొదటి ప్రశ్నకు ఇది నేరుగా జవాబు. కానీ తెల్లవారుజామున నాలుగింటికి లగేజీతో అక్కడ దిగినవాళ్లు ఇంటికెలా పోవాలి? టికెట్ డబ్బులకు దీటుగా ఆటో అడుగుతాడు. చర్లపల్లి ఉన్నది ఘట్‌కేసర్ ఎంఎంటీఎస్ దారిలోనే. పెద్ద రైళ్లు వచ్చే వేళలకు లోకల్‌ను కలిపితే సగం గొడవ తీరుతుంది, దానికి కొత్త పట్టా ఒక్క మీటరు కూడా అక్కర్లేదు.

సికింద్రాబాద్ స్టేషన్‌ను దాదాపు 700 కోట్లతో తిరిగి కడుతున్నారు. అందంగానే ఉంటుంది. ముందుకు పోదాం.

[తెర: ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, యాదాద్రి.]

వాయిస్: ఘట్‌కేసర్ నుంచి యాదాద్రి దాకా 33 కిలోమీటర్ల పొడిగింపు 2016లోనే మంజూరైంది. గుట్టకు పోయే భక్తుల కోసం అని అందరూ అంటారు. బీబీనగర్ ఎయిమ్స్‌కు వచ్చే రోగులు, భువనగిరి నుంచి రోజూ నగరానికి వచ్చి పోయేవాళ్లు కూడా ఉన్నారు. ఇది మూడో లైన్‌గా వస్తోంది. ఢిల్లీ, విజయవాడ రైళ్లు చాలావరకు కాజీపేట వైపు పోయే దారి ఇది. లోకల్‌కు వేరే పట్టా లేకపోతే ఇక్కడా అదే ఔటర్ కథ.

[తెర: నల్లబల్ల మీద సుద్దముక్కతో లెక్క.]

వాయిస్: ఇప్పుడు బండ్ల సంగతి. ఒక రూట్లో ఈ చివరి నుంచి ఆ చివరికి గంటుంపావు అనుకుందాం. చివరికి చేరాక తిరిగి బయల్దేరడానికి పావుగంట. వెళ్లి రావడానికి మూడు గంటలు. అరగంటకో బండి కావాలంటే ఆరు రేక్‌లు (పెట్టెలన్నీ కలిపి ఒక పూర్తి బండి అంటే ఒక రేక్) ఉండాలి, పావుగంటకో బండి అంటే పన్నెండు. ఇవి కాక మెయింటెనెన్స్‌లో ఉండేవి, నడిపే సిబ్బంది. లైన్లు పెంచుకుంటూ పోయి రేక్‌లు పెంచకపోతే, ఉన్నవాటినే కొత్త రూట్లకు పంచాలి. కొవిడ్‌కు ముందు రోజుకు 121 సర్వీసులు నడిచేవి. ఆ తర్వాత దూరం పెరిగింది, సర్వీసులు మాత్రం 90 లోపుకు పడిపోయాయి. కనీస టికెట్ 5 రూపాయలే అయినా జనం షేర్ ఆటో ఎక్కుతున్నారంటే తప్పు వాళ్లది కాదు. బండి ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు చవక టికెట్ ఏం చేసుకుంటారు?

ఇంకో చిన్న విషయం. ఎంఎంటీఎస్ హైటెక్ సిటీ స్టేషన్ వేరు, మెట్రో హైటెక్ సిటీ స్టేషన్ వేరు. ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచిపోదామనుకోకండి, మధ్యలో బస్సో ఆటోనో కావాల్సిందే. బేగంపేట, భరత్‌నగర్, మలక్‌పేటలో మాత్రం రైలు దిగి మెట్రో ఎక్కడం తేలికే.

[తెర: టైమ్ టేబుల్ క్లోజప్. వేలు కిందికి జారుతుంది.]

వాయిస్: ఈసారి కొత్త టైమ్ టేబుల్ వస్తే రెండు చోట్ల చూడండి. మీ స్టేషన్లో పొద్దున ఎనిమిది నుంచి పది దాకా ఎన్ని బండ్లున్నాయి, రాత్రి తొమ్మిది దాటాక ఎన్ని ఉన్నాయి. ఆ తర్వాతే నెల పాస్ తీసుకోండి.