రెజిన్‌తో లెక్కలు, సైన్స్ చెప్పొచ్చా? మూడు నెలలు వాడాక నా రివ్యూ

నమస్తే అండీ. రెజిన్ అంటే, హార్డెనర్ అనే ఇంకో ద్రవంతో కలిపితే గాజులా గట్టిపడే చిక్కటి ద్రవం. ముందు ఈ రెండూ చూడండి. ఇది టీ కప్పు పెట్టుకునే కోస్టర్, మధ్యలో ఎండిన మందారం. అద్దంలా ఉంది కదా. ఇది ఇంకోటి. వేలు పెడితే ఇప్పటికీ జిగురే, దుమ్మంతా పట్టేసింది. రెండూ ఏడో తరగతి చదివే మా అమ్మాయీ నేనూ కలిసి చేసినవే. ఈ వీడియోలో ఎక్కువగా ఈ జిగురుదాని గురించే మాట్లాడతాను. పెట్టిన డబ్బు గిట్టింది దీంతోనే.

కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను, వెయ్యి రూపాయల పైచిలుకు. రెజిన్ సీసా ఒకటి, హార్డెనర్ సీసా ఒకటి, రెండు సిలికాన్ మౌల్డులు, కొలకప్పులు, కలపడానికి పుల్లలు, ముట్టుకుంటే చిరిగిపోయే గ్లవ్స్. కంపెనీ పేరు చెప్పను, అడగకండి.

పని మొదలైంది లెక్కతో. గుండ్రటి మౌల్డ్. మా అమ్మాయి స్కేలు పెట్టి కొలిచింది: అడ్డంగా 10 సెంటీమీటర్లు, లోతు 8 మిల్లీమీటర్లు. ఇందులో ఎంత పడుతుందో చెప్పమన్నాను. వృత్త వైశాల్యం వచ్చు దానికి. వ్యాసార్ధం 5, దాని వర్గం 25, పై విలువ 3.14తో గుణిస్తే 78.5. లోతు 0.8తో గుణిస్తే 62.8. ఘన సెంటీమీటర్ అంటే మిల్లీలీటరే అని నేను చెబితే నమ్మలేదు. మౌల్డ్ నిండా నీళ్లు పోసి, వాటిని కొలకప్పులోకి వంపింది. 60 గీత దాటి కాస్త పైన ఆగాయి. "అమ్మా, నిజంగానే వచ్చింది!" అని అరిచింది. ట్యూషన్‌లో ఇదే లెక్క పది సార్లు చేసి ఉంటుంది, ఒక్కసారి కూడా ఇలా అరవలేదు. అన్నట్టు, తడి మౌల్డ్‌లో రెజిన్ పోయకండి, మసకబారుతుంది. మేం రాత్రంతా ఆరబెట్టాం.

ఇక తప్పు దగ్గరికి వద్దాం. డబ్బా మీద 2:1 అని పెద్ద అక్షరాలతో ఉంది. 63ని మూడు భాగాలు చేసింది: 42 మిల్లీ రెజిన్, 21 మిల్లీ హార్డెనర్. కొలిచాం, మూడు నిమిషాలు మెల్లగా కలిపాం, పోశాం. రోజు గడిచింది, రెండు రోజులు గడిచాయి, జిగురు పోలేదు. పాప మొహం వేలాడేసింది. నాకూ చిరాకే. ఆఖరికి సీసా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో కనిపించింది: "బరువు ప్రకారం".

వంటింట్లో పిండి తూచుకునే డిజిటల్ తక్కెడ తెచ్చి పెట్టాను. అదే కొలత మళ్లీ తూచాం. 42 మిల్లీ రెజిన్ 48 గ్రాములు తూగింది. 21 మిల్లీ హార్డెనర్ 21 గ్రాములే. 48కి సగం 24 కదా, మూడు గ్రాములు తక్కువ పడిందన్నమాట. సాంద్రత పాఠం అక్కడికక్కడే అయిపోయింది, నేను నోరు తెరవకుండానే. తర్వాత నుంచి అన్నీ తూచే కలుపుతున్నాం. ఈ మౌల్డ్‌కి 46 గ్రాములు, 23 గ్రాములు. మందారం కోస్టర్ ఆ లెక్కతో వచ్చిందే.

హార్డెనర్ ఇంకాస్త ఎక్కువేస్తే తొందరగా గట్టిపడుతుంది కదా అని చాలామంది అనుకుంటారు. పడదు. అది పాలలో తోడు లాంటిది కాదు, చుక్క వేస్తే సరిపోవడానికి. రెజిన్ అణువులు హార్డెనర్ అణువులతో జతకట్టి గొలుసులా అల్లుకుంటాయి. ఏది ఎక్కువైనా దానికి జత దొరకదు, అలా జిగురుగానే ఉండిపోతుంది. యూవీ రెజిన్, అంటే అతినీలలోహిత కాంతితో గట్టిపడేది, దాని జోలికి పోలేదు నేను. లైట్ కింద పెడితే నిమిషాల్లో అయిపోతుంది, బాగుంటుంది కూడా, కానీ కలిపే పనే లేదు కాబట్టి నిష్పత్తి లెక్కా లేదు.

జిగురు కోస్టర్‌ని కిటికీ దగ్గర పెట్టి మర్చిపోయాం. నాలుగో రోజు చూస్తే చీమ ఒకటి ఇరుక్కుపోయి ఉంది. తృణమణి, అదే ఆంబర్, అందులో పురుగులు ఇలాగే చిక్కుకుంటాయని చెప్పాను. కోట్ల ఏళ్ల కిందటి చెట్ల జిగురది, గట్టిపడి రాయిలా అయిపోయింది. తృణం అంటే గడ్డిపరక. రుద్దితే గడ్డిపరకల్ని లాగే మణి కాబట్టి ఆ పేరు. గ్రీకులో దాన్ని ఎలెక్ట్రాన్ అన్నారు, ఎలక్ట్రిసిటీ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. మా పిల్ల వెంటనే మందారం కోస్టర్‌ని నా పాత పట్టుచీరకి రుద్ది కాగితం ముక్కల మీద పెట్టింది. రెండు మూడు లేచాయి. చీర సంగతి తర్వాత మాట్లాడుకున్నాం.

ఆ ఆదివారం చార్మినార్ పక్కన లాడ్‌బజార్‌కి తీసుకెళ్లాను. లక్క కూడా రెజినే, కాకపోతే చెట్టుది కాదు, పురుగు చేసేది. లక్కని నిప్పు మీద మెత్తబరిచి గాజుగా చుట్టి, వేడి ఆరకముందే రాళ్లు అద్దుతారు. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ, అంటే ఫలానా ఊరి ప్రత్యేక వస్తువు అనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ నిలబడి చూస్తూ పాప ఓ ప్రశ్న వేసింది: "లక్కని మళ్లీ కరిగించొచ్చు, మనదెందుకు కరగదమ్మా?" అణువుల గొలుసు అడ్డంగా కూడా కట్టుకుపోయింది, ఇక విడిపోదు అన్నాను. అర్థమైందో లేదో గానీ తల ఊపింది.

ఇప్పుడు నచ్చనిది. డబ్బా మీద "పిల్లలే చేసుకోవచ్చు" అని వేశారు. అది నేను ఒప్పుకోను. గట్టిపడని రెజిన్, హార్డెనర్ చర్మానికి తగులుతూ ఉంటే ఎలర్జీ రావచ్చు, ఒకసారి వచ్చిందంటే తర్వాత కొంచెం తగిలినా వస్తుంది. నాన్-టాక్సిక్ అని రాసినా సరే, అది చాలాసార్లు గట్టిపడ్డాక మాట. మా ఇంట్లో పోసేది, కలిపేది నేను, నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు గ్లవ్స్ వేసుకుని, బాల్కనీలో. కొలతలు, తూకం అంకెలు, నోట్‌బుక్, టైమర్ పాపవి. చేతికి అంటితే సబ్బు నీళ్లతో కడగండి, థిన్నర్ వద్దు. అరగదీయడం అసలు ఇవ్వను, ఆ పొడి ఊపిరిలోకి పోతుంది.

ఇంకోటి, ఎండాకాలం మధ్యాహ్నం చేయకండి. మేలో మిగిలిన రెజిన్‌ని కప్పులోనే వదిలేశాను. అది గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది, కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోదు. ప్లాస్టిక్ కప్పు వంకర తిరిగిపోయింది, పట్టుకోలేకపోయాను. ఇప్పుడు పొద్దున్నే ఏడింటికి, కొంచెం కొంచెంగా కలుపుతున్నాం.

తెలుగు, సోషల్ అన్నీ దీంతో చెప్పేస్తాం అనే వీడియోలు చూశాను. ఇండియా మ్యాప్ మీద రెజిన్ పోస్తే రాజధానులు గుర్తుండవండీ. లెక్కలు, సైన్స్ వరకే. అయిదో తరగతి లోపు పిల్లలకి కొనకండి. ఏడు, ఎనిమిది చదివేవాళ్లుంటే, మీకు పక్కన కూర్చునే ఓపిక ఉంటే కొనండి. తక్కెడ లేకపోతే మాత్రం కిట్ కన్నా ముందు అది కొనుక్కోండి.