రఫూ ఎపిసోడ్, సగం కాజాలే

రవి: నమస్కారం. ఇవాళ రఫూ. చిరిగిన బట్టని ఆ బట్టలోంచే లాగిన పోగుతో అతుకు కనపడకుండా అల్లేసే పని. పారసీ, ఉర్దూల మీదుగా మనకొచ్చిన మాట.

సుజాత: ఉత్తరప్రదేశ్‌లో నజీబాబాద్ రఫూగర్లకి పేరున్న ఊరు. అది సరే, ముందు కాజా సంగతి చెప్పనీ.

రవి: అక్కా, గొడుగు ఎపిసోడ్‌లోనూ ఇంతే!

సుజాత: గొడుక్కీ బొత్తాం ఉంటుందిరా. పోర్చుగీసులో "కాజ" అంటే ఇల్లు. బొత్తాం దూరే చోటునీ వాళ్ళు అదే మాటతో అంటారు. మన కాజా అదే. బొత్తాం, మేస్త్రీ, అల్మారా కూడా వాళ్ళ మాటలే.

రవి: మరి తాపేశ్వరం కాజా?

సుజాత: దానికీ దీనికీ చుట్టరికం లేదు. బొత్తానికి ఆ ఇల్లు కట్టేవాళ్ళని ఎవరూ అడగరు, నా బాధంతా అదే. చొక్కా కుట్టిన టైలరు పేరు చెప్తాం. కాజాలు కుట్టేది వేరే ఆవిడ. మూట ఇంటికి పట్టుకెళ్తుంది, కాజాకింతని లెక్క.

రవి: ఇప్పుడన్నీ మిషనే కదా.

సుజాత: మిషన్ ముందు కుట్టి తర్వాత కోస్తుంది, అందుకే మధ్యలో పోగులు లేస్తాయి. చేత్తో అయితే ముందు గాటు. అంచు చుట్టూ ఓ వరస వేసి, ఆపైన ఒక్కో కుట్టుకీ సూది చుట్టూ దారం తిప్పి లాగాలి. ముడులన్నీ గాటు అంచునే కూర్చోవాలి.

రవి: కాలరు కాజా ఒక్కటే అడ్డంగా ఎందుకు?

సుజాత: మెడ పక్కకి లాగుతుంది. అడ్డంగా ఉంటే బొత్తాం చివరికి జరిగి అక్కడ ఆగుతుంది. నిలువుగా ఉంటే ఊడొస్తుంది. ఇంత ఆలోచన ఉన్న పనికి ఆ కూలేంటి?

రవి: కస్టమరు ఇవ్వద్దూ?

సుజాత: బిల్లులో కాజాకి వేరే పద్దు ఉంటే ఇస్తాడు. కుట్టుకూలిలో కలిపేస్తే ఎవరికి కనపడుతుంది?

రవి: టైలర్లకే గిట్టుబాటు కావట్లేదక్కా. వాళ్ళని తప్పు పట్టకు.

సుజాత: పట్టట్లేదు. ఆవిడ పేరు చెప్పమంటున్నా.

రవి: ...సరే. రఫూ వచ్చేవారం.

సుజాత: నేను ఊళ్ళో ఉండను.

రవి: నేనొక్కడినే చెప్తా.

సుజాత: కోటు కాజా మాట ఎత్తు మరి, దాని చివర గుండ్రంగా కన్నం ఎందుకంటే, బొత్తాం కాడ