నాసిక్ ద్రాక్షలో పులుపు లెక్క

అందరికీ నమస్కారం. వేడి నేలల్లో వైన్‌కు తీపి కొరత ఉండదు, కాపాడుకోవలసింది పులుపు. నాసిక్‌లో ఏ రకం నాటాలి, దానితో ఏ వైన్ చేయాలి అన్నది ఎక్కువగా దీన్నిబట్టే తేలుతుంది.

చలిదేశాల్లో ద్రాక్షతీగ శీతకాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది. దక్కన్‌లో ఆ నిద్ర లేదు. అందుకే ఏడాదికి రెండు కత్తిరింపులు. ఏప్రిల్‌లో ఒకటి రెండు కళ్లు (చిగురు మొగ్గలు) ఉంచి కత్తిరిస్తే కొత్త కొమ్మలు వస్తాయి. రాబోయే పంటకు గుత్తులు రూపుకట్టేది వాటి మొగ్గల్లోనే. సెప్టెంబరు, అక్టోబరుల్లో మళ్లీ కత్తిరించి, కళ్లన్నీ ఒకేసారి పగలడానికి హైడ్రోజన్ సయనమైడ్ అనే మందు పూస్తారు. తొందరపడితే తిరుగు వానల్లో (రుతుపవనాలు వెనుదిరిగేటప్పుడు పడే వానల్లో) పూగుత్తులు బూజు తెగులు పాలవుతాయి. నవంబరుకు జరిపితే కాయ మార్చి, ఏప్రిల్ ఎండల్లో పండుతుంది. ఆ వేడికి కాయ తనకు పులుపునిచ్చే మాలిక్ ఆమ్లాన్ని శ్వాసక్రియలో తానే ఖర్చుచేసుకుంటుంది. బ్రిక్స్ (రసంలో చక్కెర కొలత) 24 చూసి సంబరపడేలోపు పీహెచ్ 3.8కి చేరుతుంది; పీహెచ్ పెరిగిందంటే పులుపు తగ్గినట్టే.

అసలు చిక్కు అక్కడే. పీహెచ్ 3.2 ఉన్న తెల్ల వైన్ చెడకుండా ఉండటానికి లీటరుకు సుమారు 22 మిల్లీగ్రాముల ఫ్రీ సల్ఫర్ డయాక్సైడ్ (వైన్‌లో దేనితోనూ కలిసిపోకుండా మిగిలి, దాన్ని కాపాడే భాగం) చాలు. 3.8 దగ్గర దాదాపు 80 కావాలి. టార్టారిక్ ఆమ్లం లీటరుకు గ్రాము కలిపితే పీహెచ్ రమారమి 0.1 దిగుతుంది. అయితే పులియకముందే, రసంలోనే కలపాలి. ఆఖర్న పోస్తే ఆ పులుపు నాలుకకు విడిగా తగులుతుంది.

షెనిన్ బ్లాంక్ ఎండల్లోనూ పులుపు వదలదు. నాసిక్‌కు నప్పిన తెల్లరకం ఇదే అంటాను. గుత్తి మాత్రం బిగుతు, వాన పడితే లోపలినుంచి కుళ్లుతుంది. రసాన్ని 12–16 డిగ్రీల్లో మెల్లగా పులియబెట్టి, కాస్త తీపి ఉండగానే బాగా చల్లబరిచి ఆపుతారు. సల్ఫర్ డయాక్సైడ్ వేసి 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడకట్టకపోతే సీసాలో మళ్లీ పులుస్తుంది, బిరడా ఎగురుతుంది. సావిన్యాన్ బ్లాంక్‌ను ఇంకా ముందే కోయాలి; ఆగితే దాని పచ్చిగడ్డి వాసన పోతుంది. ఎర్రరకాల్లో షిరాజ్ వేడికి తట్టుకుంటుంది. కాబర్నే సావిన్యాన్‌లో తీపి ముందు పరుగెత్తి, గింజ పచ్చిగానే ఉండిపోతుంది. కాబట్టి బ్రిక్స్ మీటర్‌ను నమ్మి కోయకండి, గింజ నమిలి చూడండి: వగరుగా, ఆకుపచ్చగా ఉంటే ఆగాలి.

బుడగల వైన్‌కు 18–19 బ్రిక్స్‌లోనే కోత. పులుపు పోకముందే పంట ఇంటికొస్తుంది గనుక వేడి దేశానికి ఇది తెలివైన దారి.

హైదరాబాదు అనాబ్-ఎ-షాహి ద్రాక్షతో వైన్ చేయలేమా అని అడుగుతుంటారు. కాయ పెద్దది, రసానికి తగినంత తొక్క లేదు. పైగా 16 బ్రిక్స్ దగ్గర కోస్తే ఆల్కహాల్ 9 శాతం దాటదు. చక్కెర కలపక తప్పదు. తినడానికి వదిలేయండి.