లో కార్బ్ చేస్తుంటే ఎల్‌డీఎల్ పెరిగిందా? నా రిపోర్టే పెట్టి చూపిస్తా, రండి

అందరికీ నమస్తే అండి. ఇవాళ వీడియోలో వంట లేదు, బరువు తగ్గిన ఫోటోలు లేవు, ఒక్క కాయితమే ఉంది. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా, కనిపిస్తోందా? ఇది నాదే, లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల టెస్ట్. ఎల్‌డీఎల్ అంటే అందులో చెడు కొలెస్ట్రాల్ అనేది. పేరూ ఫోన్ నంబరూ మీద టేపు అంటించా లెండి. ఈ మూలన పసుపు మరక మా ఆవిడ చేతిది, రిపోర్ట్ వచ్చిన రోజు వంటింట్లో నిలబడే చదివాం, చదివాక ఇద్దరం పొయ్యి పక్కనున్న నెయ్యి డబ్బా వైపు చూశాం.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. గుంటూరు కొత్తపేటలో ల్యాబ్ టెక్నీషియన్‌ని, 14 ఏళ్ళుగా పొద్దున ఆరింటికి షట్టర్ ఎత్తి రక్తం తియ్యడానికి జనాల చేతికి టోర్నికే పట్టీ కట్టడమే పని. లో కార్బ్, అంటే అన్నం, పంచదార లాంటి పిండి పదార్థాలు తగ్గించే డైట్, మొదలెట్టి ఏడాది పైనయింది. కాబట్టి సూది గుచ్చేవాణ్ణీ నేనే, గుచ్చించుకునేవాణ్ణీ నేనే. మందులు మార్చడం, ఆపడం లాంటివి మీ డాక్టర్ చెప్పాలి, నేను కాయితం చదవడం వరకే చూపిస్తా.

సరే, మొదలుపెట్టే ముందు ఫాస్టింగ్ సంగతి ఒకటి తేల్చుకుందాం. ఒకాయన వచ్చాడు, మంగళగిరి నుంచి బండి మీద, "పన్నెండు గంటల ఫాస్టింగ్ తమ్ముడూ, ఏం తినలేదు" అన్నాడు. సూది గుచ్చబోతూ అలవాటు కొద్దీ అడిగా, బాబాయ్ కాఫీ గానీ తాగారా అని. "కాఫీ అంటే పాలూ పంచదారా లేవుగా, బ్లాక్ కాఫీలో రెండు చెంచాలు నెయ్యి వేసుకున్నా, అది ఫాస్టింగ్ కిందే లెక్కంట గదా" అన్నాడు! లెక్క కాదండి బాబూ. మీ యాప్‌లో అది ఫాస్టింగ్ ఏమో, మా మెషిన్‌కి మాత్రం అది భోజనమే, ఆ నెయ్యి రక్తంలోకి ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వుగానే వస్తది. పది పన్నెండు గంటలు మంచినీళ్ళు తప్ప ఏం వద్దు. అలాగని రెండ్రోజులు ఉపవాసం ఉండి కూడా రాకండి, అది ఇంకో రకంగా లెక్కలు తప్పిస్తది. జ్వరం వచ్చి తగ్గిన వారంలో కూడా ఇవ్వొద్దు. ఇంకోటి, నెలకి మూడు నాలుగు కిలోలు దిగుతున్న టైములో టెస్ట్ చేయిస్తే కొలెస్ట్రాల్ తాత్కాలికంగా ఎక్కువ చూపించొచ్చు, బరువు ఒకచోట నిలబడి కొన్ని వారాలయ్యాక ఇచ్చిన శాంపిలే నమ్మకం.

ఇప్పుడు అంకెల్లోకి వద్దాం. పక్కపక్కన రెండు రిపోర్టులు పెడుతున్నా.

ఎడమ పక్కది డైట్‌కి ముందుది. టోటల్ కొలెస్ట్రాల్ 218, ట్రైగ్లిజరైడ్స్ 246, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 36, ఎల్‌డీఎల్ 133. షుగర్ బోర్డర్‌లో, మూడు నెలల సగటు షుగర్ చూపించే హెచ్‌బీఏ1సీ 6.1. మూడు పూటలా అన్నం, సాయంత్రం అరండల్‌పేటలో బజ్జీలు, దానికి తగ్గట్టు పొట్ట.

కుడి పక్కది డైట్ మొదలెట్టిన ఆరు నెలలకి. టోటల్ 262, ట్రైగ్లిజరైడ్స్ 84, హెచ్‌డీఎల్ 51, ఎల్‌డీఎల్ 194. హెచ్‌బీఏ1సీ 5.5, బరువు 11 కిలోలు తక్కువ.

ఇక్కడ ఆగండి. ఈ రెండో కాయితాన్ని మా వాట్సాప్ గ్రూపులో పెడితే చప్పట్లే చప్పట్లు. ట్రైగ్లిజరైడ్స్ 246 నుంచి 84 అంటే మాటలా, హెచ్‌డీఎల్ 51 అంటే సూపర్ అన్నయ్యా, ట్రైగ్లిజరైడ్స్‌ని హెచ్‌డీఎల్‌తో భాగిస్తే ఇదివరకు దాదాపు 7 వచ్చేది ఇప్పుడు 2 కూడా రావట్లేదు, ఎల్‌డీఎల్ సంగతి వదిలెయ్, అది డైట్‌లో మామూలే అన్నారు. మా ఇంటి ఓనరు గారికి చూపిస్తే ఆయన ఇంకో రకం, "262 ఆ! రేపే స్టెంటు వేయించుకో" అన్నాడు. ఇద్దరూ కాయితంలో తమకి నచ్చిన లైనే చదివారన్నమాట.

మంచిని మంచే అనాలి. ట్రైగ్లిజరైడ్స్ 150 లోపు ఉండాలి, 200 దాటితే ఎక్కువ, 500 దాటితే పాంక్రియాస్‌కే, అంటే క్లోమానికే, ప్రమాదం మొదలవుద్ది. అన్నం, పంచదార, మద్యం తగ్గిస్తే లివర్ దాన్ని తయారుచెయ్యడం తగ్గిస్తది, అందుకే లో కార్బ్‌లో అన్నిటికంటే ముందు దిగేది అదే. హెచ్‌డీఎల్ మగవాళ్ళకి 40 పైన, ఆడవాళ్ళకి 50 పైన ఉంటే బాగున్నట్టు. ఆ రేషియో తగ్గిందంటే ఇన్సులిన్ పనితీరు మెరుగుపడుతోందని ఒక గుర్తు, నిజమే. కానీ అది ఎల్‌డీఎల్‌ని కొట్టెయ్యదు. మిరపయార్డులో ఒక బస్తా బాగుందని పక్క బస్తాలో తాలు కాయలు మాఫీ చేస్తారా ఎవరన్నా?

ఎల్‌డీఎల్ 100 లోపుంటే మంచిది, 130 నుంచి బోర్డర్, 160 నుంచి ఎక్కువ, 190 దాటితే చాలా ఎక్కువ. ఇది గుండె జబ్బు, షుగరు లేనివాళ్ళ లెక్క, ఆల్రెడీ స్టెంట్ పడ్డవాళ్ళకి డాక్టర్లు 70 కంటే కిందకి, ఒక్కోసారి 55 కంటే కిందకి దించమంటారు. నాది 194.

ల్యాబ్‌లో నేను కళ్ళారా చూసింది ఒకటి చెప్తా, నాకైతే ఏ గ్రాఫు కంటే అదే బాగా ఎక్కింది. రక్తం ట్యూబుని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఎర్ర కణాలు అడుక్కి దిగి పైన సీరం తేలుద్ది, లేత గడ్డి రంగులో. ట్రైగ్లిజరైడ్స్ బాగా ఎక్కువున్నోళ్ళ సీరం చూస్తే పాలు కలిపినట్టు తెల్లగా ఉంటది, ట్యూబు వెనక వేలు పెడితే వేలు కనపడదు. డైట్‌కి ముందు నాది అంత తెల్లగా కాదు గానీ మసక మసగ్గా ఉండేది. ఆరు నెలల తర్వాత నాది నేనే తిప్పి చూసుకున్నా, అద్దంలా ఉంది! ట్యూబు వెనక పేపర్ పెడితే అక్షరాలు చదివేంత తేట. పొంగిపోయా. మధ్యాహ్నానికి మెషిన్ 194 అంది. ఎందుకంటే సీరంని తెల్లగా చేసేవి ట్రైగ్లిజరైడ్స్ మోసే పెద్ద పెద్ద కణాలు, ఎల్‌డీఎల్ కణాలు వాటి ముందు మరీ చిన్నవి, ఎన్నున్నా కంటికి ఆనవు. రక్తం శుభ్రంగా ఉంది అని కళ్ళతో అనుకోవడం ఎంత మోసమో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు ఒక పెన్ను తీసుకోండి. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్ నేరుగా కొలిచింది కాదు, లెక్కేసింది. 1972 నాటి ఫ్రైడ్‌వాల్డ్ లెక్క అది. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసెయ్, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతు తీసెయ్, మిగిలింది ఎల్‌డీఎల్. నాది చూడండి, 262లో 51 పోతే 211, 84లో ఐదో వంతు దగ్గర దగ్గర 17, అది పోతే 194. వచ్చిందా? ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ లెక్క పనికిరాదు, అప్పుడు డైరెక్ట్ ఎల్‌డీఎల్ చేయించుకోవాలి. ట్రైగ్లిజరైడ్స్ బాగా తక్కువున్నప్పుడు ఎల్‌డీఎల్‌ని కాస్త ఎక్కువ చూపిస్తది, అది కూడా నిజమే. లో కార్బ్ వాళ్ళు దీన్నే పట్టుకుని "లెక్కే తప్పు" అంటారు. అయ్యా, ఆ తేడా నాలుగైదు పాయింట్లు, మహా అయితే పది, 194ని 110 చేసేంత కాదు.

అందుకే నేను ఎల్‌డీఎల్ కంటే ముందు ఇంకో అంకె చూస్తా. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే వచ్చేది, నాన్ హెచ్‌డీఎల్. చెడు చేసే కణాలన్నిట్లో ఉన్న కొలెస్ట్రాల్ అంతా అందులోకి వస్తది, ఫాస్టింగ్ కాస్త అటూ ఇటూ అయినా పెద్దగా మారదు, ఫార్ములా గొడవ లేదు. మామూలు మనిషికి 130 లోపు ఉంటే మంచిది. నాది డైట్‌కి ముందు 182, ఆరు నెలలకి 211. తమాషా ఏంటంటే అదే రిపోర్ట్‌లో కింద టోటల్‌ని హెచ్‌డీఎల్‌తో భాగించిన రేషియో 6 నుంచి 5కి తగ్గింది, పక్కనే అంకెలు మాత్రం పెరిగాయి! రేషియో చూసి సంబరపడొద్దనేది అందుకే.

ఇంకా గట్టిగా తెలుసుకోవాలంటే అపో బి అని టెస్ట్ ఉంది. ప్రతి ఎల్‌డీఎల్ కణానికీ ఒక్కటంటే ఒక్క అపో బి ప్రోటీన్ ఉంటది, కాబట్టి అది కణాల తలకాయల లెక్క. ఎల్‌డీఎల్ అంకెని చూసి "నావి పెద్ద కణాలు, మెత్తనివి, ఏం కాదు" అనుకునేవాళ్ళు అది చేయించుకుంటే సందేహం తీరుద్ది.

మరి ఎందుకు పెరిగింది? నేను చేసిన ఘనకార్యాలు చెప్తా. పొద్దున కాఫీలో కొబ్బరి నూనె, మన వైపు ఆ ఊపు మీకు తెలిసిందేగా. మధ్యాహ్నం చికెన్ వేపుడు నెయ్యిలో. రాత్రి పనీర్, మీద చీజ్. అన్నం మానేశాగా, ఏం తిన్నా పర్లేదని. కొబ్బరి నూనెలో దగ్గర దగ్గర 90 శాతం సాచురేటెడ్ ఫ్యాట్, అంటే చల్లబడితే పేరుకునే రకం కొవ్వు, నెయ్యిలో 60 శాతం పైనే, మన వేరుశనగ నూనెలో 20 శాతం కూడా ఉండదు. రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని లాక్కునే రిసెప్టార్లు లివర్ మీద ఉంటాయి, ఈ రిసెప్టార్ సంగతి తేల్చిన శాస్త్రవేత్తలు బ్రౌన్, గోల్డ్‌స్టీన్ ఇద్దరికీ 1985లో నోబెల్ వచ్చింది. సాచురేటెడ్ ఫ్యాట్ ఎక్కువైతే ఆ రిసెప్టార్ల పని మందగిస్తది, ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ ఉంటది. గుడ్లని తిట్టకండి, చాలామందికి గుడ్డులో కొలెస్ట్రాల్ చేసే తేడా చిన్నదే, అసలు దొంగ ఆ పక్కనున్న వెన్న.

కొంతమందికి, ముఖ్యంగా సన్నగా ఉండి బాగా వ్యాయామం చేస్తూ కార్బ్స్ మరీ రోజుకి 30, 40 గ్రాములకి దించేసినవాళ్ళకి, ఎల్‌డీఎల్ 200 దాటి పోతది, హెచ్‌డీఎల్ 80 పైన, ట్రైగ్లిజరైడ్స్ 70 లోపు. దానికి ఇంగ్లీషులో పేరు కూడా పెట్టారు, వాళ్ళ మీద పరిశోధనలు నడుస్తున్నాయి. పేరు పెట్టారు కాబట్టి భయం లేదు అని కాదు. పేరుకేముందండి, తుఫానుకీ పెడతారు.

నేనేం చేశానంటే, ముందు డాక్టర్ దగ్గరికెళ్ళా. ఆవిడ మొదట అడిగింది డైట్ గురించి కాదు, "మీ ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు ఎవరికన్నా వచ్చిందా" అని. మగవాళ్ళకి 55 లోపు, ఆడవాళ్ళకి 65 లోపు వచ్చుంటే, ఎల్‌డీఎల్ 190 దాటితే, అది వంశపారంపర్యం కావొచ్చు, డైట్ మీద తోసెయ్యకూడదు. మా నాన్నకి 61లో స్టెంట్ పడింది. ఆవిడ నా మడమ వెనక స్నాయువు కూడా వేళ్ళతో నొక్కి చూసింది, గడ్డలేమన్నా ఉన్నాయా అని, లేవు. తర్వాత థైరాయిడ్ టెస్ట్ రాసింది, థైరాయిడ్ తక్కువ పనిచేస్తే కూడా ఎల్‌డీఎల్ పెరుగుద్ది, నాకు అది నార్మల్. ఇంకా లైపోప్రోటీన్ ఏ అని, పుట్టుకతో వచ్చే ఇంకో రకం చెడు కణాల టెస్ట్, జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు, అది డైట్‌తో మారేది కాదు. అన్నీ అయ్యాక "మూడు నెలలు టైమిస్తా, నూనె మార్చి రండి, తగ్గకపోతే టాబ్లెట్, వాదన వద్దు" అంది.

అన్నం మళ్ళీ మొదలెట్టలేదు. కాఫీలో నూనె పోయింది. వేపుళ్ళన్నీ వేరుశనగ నూనెలో, అదీ కొలిచి. నెయ్యి ఆదివారం ఒక్క చెంచా. చీజ్ బదులు గుప్పెడు వేరుశనగ గింజలు. వారానికి మూడు సార్లు చేప, కృష్ణలో బొచ్చెలు బాగా దొరికినన్నాళ్ళూ పులుసే, చింతపండు కాస్త తగ్గించి. గోంగూర, చిక్కుడు, బెండ, దొండ ప్లేటు సగం. లో కార్బ్ అంటూ పప్పులూ కూరలూ మానేస్తే పీచు పోతది, అది కూడా ఎల్‌డీఎల్‌కి చేటు. రాత్రి ఒక చెంచా ఇసబ్‌గోల్ గ్లాసు నీళ్ళలో కలిపి వెంటనే తాగెయ్యడం, ఆగితే బంకైపోద్ది.

ఇదిగో మూడో కాయితం. టోటల్ 207, ట్రైగ్లిజరైడ్స్ 88, హెచ్‌డీఎల్ 50, లెక్కేస్తే ఎల్‌డీఎల్ 139, నాన్ హెచ్‌డీఎల్ 157. బరువు పెరగలేదు, షుగర్ పెరగలేదు. అంటే నాకు మేలు చేసింది అన్నం తగ్గించడం, కీడు చేసింది కొబ్బరి నూనె, ఆరు నెలలు ఆ రెంటినీ ఒకటే అనుకున్నా. అందరికీ ఇంత తగ్గకపోవచ్చు. నాక్కూడా 139 అంటే పాస్ మార్కులు కాదు, నాన్న సంగతి ఉంది కాబట్టి టాబ్లెట్ మాట ఇంకా నడుస్తోంది, డాక్టర్ గారు వెయ్యమంటే వేసుకుంటా, దాంట్లో పరువేం లేదు.

రెండు ముక్కలు గబగబా. షుగర్ మందులో ఇన్సులినో వాడేవాళ్ళు డాక్టర్‌కి చెప్పకుండా అన్నం ఒక్కసారి మానకండి, షుగర్ పడిపోద్ది, పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే టాబ్లెట్లు వాడుతుంటే మరీ జాగ్రత్త, షుగర్ నార్మల్‌గా ఉన్నా కీటోన్లు, అంటే కొవ్వు కరిగేటప్పుడు వచ్చే ఆమ్లాలు, పెరిగి ఆసుపత్రి పాలవ్వొచ్చు. ఇక మీ అబ్బాయి లండన్‌లోనో ఆస్ట్రేలియాలోనో ఉండి "నాన్నా నా ఎల్‌డీఎల్ 4" అంటే మురిసిపోకండి, అక్కడ కొలత వేరు, 38.67తో గుణించండి, 155 దగ్గర వస్తది. ట్రైగ్లిజరైడ్స్ అయితే 88.57తో. అమెరికాలో మన లెక్కే.

కామెంట్లలో రిపోర్ట్ పెట్టేవాళ్ళు పేరు చెరిపి పెట్టండి, దాంతోపాటు కాఫీలో ఏం వేసుకున్నారో కూడా నిజం రాయండి. రేపు పొద్దున నాది నాలుగో శాంపిల్. ఇప్పుడు టైము ఎనిమిదింపావు, ఎనిమిదిన్నరకి ప్లేటు కడిగెయ్యాలి, మా ఆవిడ అప్పుడే రెండు సార్లు పిలిచింది. ఉంటానండి.