ఒంటి అక్షరం డొమైన్‌కి తాళం వేసిందెవరు?

అందరికీ నమస్కారం. ట్విటర్ ఇప్పుడు ఎక్స్ డాట్ కామ్‌లో ఉంటోంది, మరి వై డాట్ కామ్ మనం కొనుక్కోవచ్చా? కోట్లు కుమ్మరించినా రాదు, ఎందుకంటే అమ్మేవాడే లేడు.

కంప్యూటర్లకు పొట్టి పేర్లతో పేచీ ఏమీ లేదు. చుక్కకీ చుక్కకీ మధ్య ఒక అక్షరం నుంచి 63 దాకా ఎన్నైనా ఉండొచ్చని డీఎన్‌ఎస్, అంటే ఇంటర్నెట్‌లో పేర్లను నడిపే వ్యవస్థ, దాని ప్రమాణమే చెబుతుంది. అడ్డు చెప్పింది మనుషులే. అప్పట్లో ఈ పేర్ల వ్యవహారమంతా చూసుకునే జాన్ పోస్టెల్ 1993 చివర్లో డాట్ కామ్‌లో మిగిలి ఉన్న ఒంటి అక్షరాలన్నీ పక్కన పెట్టించేశారు. డాట్ కామ్ మోయలేనంత పెరిగిపోతే రేపు వాటితో లోపల విభాగాలు చేసుకోవచ్చని ఆయన ముందుచూపు. అప్పటికే తీసుకున్నవాళ్ల జోలికి మాత్రం పోలేదు. అలా బయటపడ్డవి క్యూ, ఎక్స్, జెడ్, అంతే. ఆ జెడ్‌ను నిస్సాన్ 2014లో జపాన్ కంపెనీ జీఎంఓకి 68 లక్షల డాలర్లకు అమ్ముకుంది. డాట్ కామ్ పేర్లు పది కోట్లు దాటిపోయాయి, విభాగాల అవసరం రానే లేదు, తాళం మాత్రం ఎవరూ తియ్యలేదు.

జర్మనీలో తీశారు, అదీ కోర్టుకెక్కితే. జర్మనీ పేర్ల తోక డాట్ డీఈ, దాన్ని చూసే సంస్థ డెనిక్ రెండక్షరాల పేర్లు ఇచ్చేది కాదు, రేపు ఏ కొత్త దేశానికో అవే అక్షరాలు కోడ్‌గా వస్తే గందరగోళమని. కామ్ డాట్ డీఈ లాంటివి కూడా అప్పట్లో కుదిరేవి కావు. పాత సాఫ్ట్‌వేర్ కొన్ని మీరు కొట్టిన డాట్ కామ్ పేరు చివర, మీకు చెప్పకుండానే, డాట్ డీఈ తగిలించి వెతికేవి. ఆ కామ్ డాట్ డీఈ ఎవడి చేతిలో ఉంటే మీరు వాడి గుమ్మంలో తేలతారు. ఈ భయంలో అర్థముంది. ఇంకోటి వినండి, కార్ల నంబర్ ప్లేట్ల కోడ్‌లూ అప్పట్లో నిషేధమే, మన టీజీ 09 లాగా అక్కడ హెచ్‌హెచ్ అంటే హాంబర్గ్, ఎప్పటికైనా ఊరివారీగా డొమైన్లు పెడితే పనికొస్తాయని దాచారు!

మూడక్షరాలు కాబట్టి బీఎండబ్ల్యూకి సొంత పేరు దొరికింది, రెండే కాబట్టి ఫోక్స్‌వ్యాగన్ వీడబ్ల్యూకి దొరకలేదు, పైగా రైల్వేవాళ్లకు డీబీ డాట్ డీఈ ఎప్పట్నుంచో ఉంది. ఫోక్స్‌వ్యాగన్ కేసు వేసింది. ఈ పేర్లిచ్చే సంస్థ మీ ఒక్కటే, ఒకరికిచ్చి ఒకరికి లేదంటే ఎలా అని ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు 2008లో డెనిక్‌ను తప్పుబట్టింది. 2009 అక్టోబర్ 23 ఉదయం తొమ్మిదింటికి గేట్లు తెరిచారు, ముందొచ్చినవాళ్లకే పేరు. నన్నడిగితే ఆ కంపెనీ స్థానంలో ఓ చిన్న కొట్టువాడుంటే ఆ నియమం ఇంకా నడిచేదే.

తెలుగు లిపిలోనే పేరు పెట్టుకునే మన డాట్ భారత్‌లో ఇంకో తిరకాసుంది. శ్రీ మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే యూనికోడ్‌లో నాలుగు ముక్కలు, డీఎన్‌ఎస్‌లోకి వెళ్లేసరికి ఎక్స్‌ఎన్, రెండు అడ్డగీతలు, ఆ వెనక ఇంగ్లిష్ అక్షరాల చిక్కుముడి. 63 పరిమితి లెక్కేసేది ఆ చిక్కుముడి మీదే. తెలుగు డొమైన్ తీసుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఆ రూపం ఎంత పొడుగొచ్చిందో పేరు అమ్మే రిజిస్ట్రార్ పేజీలో ఓసారి చూసుకోండి.