పారాసెటమాల్ లివర్‌లో ఎటు వెళ్తుంది? ఫేజ్ 1, ఫేజ్ 2 ఒకే కాగితం మీద

అందరికీ నమస్కారం. ఈ వీడియో బీఫార్మసీ, నర్సింగ్ చదివే పిల్లల కోసం మొదలుపెట్టాను కానీ, ఇంట్లో మందుల డబ్బా ఉన్న ప్రతివాళ్లకీ పనికొస్తుంది. మింగిన మాత్రను లివర్ ఏం చేస్తుంది? అదీ ఇవాళ్టి సంగతి.

స్లైడ్లు లేవు. తెల్ల కాగితం, రెండు పెన్నులు, అంతే. నీలం పెన్ను మంచి దారికి, ఎర్ర పెన్ను ప్రమాదం ఉన్న దారికి. పీపీటీ పెడితే పిల్లలు స్క్రీన్‌షాట్ తీసుకుని వెళ్లిపోతారు. చేత్తో గీస్తే నాతో పాటు గీస్తారు. అందుకే నాకు కాగితమే ఇష్టం. మీరూ ఒక కాగితం తెచ్చుకోండి. వీడియో ఆపి తెచ్చుకోండి, పర్లేదు.

సరే. మాత్ర మింగాం. పొట్ట, పేగు, పేగులోంచి రక్తంలోకి. ఆ రక్తం నేరుగా గుండెకి పోదు. పోర్టల్ వెయిన్, ఇదిగో ఈ గొట్టం, దీని గుండా ముందు లివర్‌కే వస్తుంది. అందుకే కొన్ని మందులు ఒంటికి అందేలోపే సగం ఖర్చయిపోతాయి. ఫస్ట్ పాస్ అంటాం. ఇది మీకు తెలిసిందే, ముందుకెళ్దాం.

లివర్ అసలు మందును ఎందుకు మార్చాలి? మందుల్లో చాలావరకు కొవ్వులో కరుగుతాయి. కొవ్వులో కరిగేవే పేగు గోడ దాటి లోపలికి సులువుగా పోతాయి. కానీ అలాంటివాటిని కిడ్నీ వదిలించుకోలేదు, వడపోసినా మళ్లీ రక్తంలోకి జారుకుంటాయి. తలకు ఆముదం రాసుకున్న రోజు చూడండి, ఎన్ని చెంబుల నీళ్లు పోసినా జిడ్డు వదలదు. కుంకుడు రసం పడాల్సిందే. లివర్ చేసేదీ ఆ పనే, జిడ్డుగా ఉన్నదాన్ని నీళ్లతో కొట్టుకుపోయేలా చేయడం. కాకపోతే కుంకుడు రసం జిడ్డు చుట్టూ చేరుతుంది. లివర్ మాత్రం మందు అణువుకే ఒక కొత్త ముక్క తగిలిస్తుంది.

దీనికి రెండు మెట్లు. ఫేజ్ 1, ఫేజ్ 2. ఫేజ్ 1లో అణువుకు ఒక కొక్కెం పెడతారు, ఎక్కువసార్లు ఒక ఆక్సిజన్ చేర్చి. ఫేజ్ 2లో ఆ కొక్కేనికి నీళ్లలో కరిగే బరువు తగిలిస్తారు. గ్లూకురోనిక్ యాసిడ్ గానీ, సల్ఫేట్ గానీ, గ్లూటాథయోన్ గానీ. ఆ తర్వాత మూత్రంలోనో, పైత్యరసంలోనో బయటికి. అణువుకు కొక్కెం ముందే ఉంటే ఫేజ్ 1 అక్కర్లేదు, నేరుగా ఫేజ్ 2. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

ఫేజ్ 1లో పెద్ద చెయ్యి సైటోక్రోమ్ పీ450 అనే ఎంజైమ్‌ల గుంపుది, పొట్టిగా సీవైపీ. 450 ఏంటంటే, ఈ ఎంజైమ్‌కి కార్బన్ మోనాక్సైడ్ పట్టించి చూస్తే 450 నానోమీటర్ల దగ్గర కాంతిని బాగా పీల్చుకుంటుంది. 1962లో జపాన్ శాస్త్రవేత్తలు ఓమురా, సాతో ఆ పేరు పెట్టారు. మనుషుల్లో వీటికి 57 జీన్లు. సీవైపీ3ఏ4 అంటే 3 కుటుంబం, ఏ అందులో శాఖ, 4 ఆ ఎంజైమ్ నంబరు. ఇంటిపేరు, ఊరు, డోర్ నంబర్ అనుకోండి. ఏ మందు ఏ ఎంజైమ్ చేతిలోకి పోతుందో బట్టీ పట్టకండి. ఇండియానా యూనివర్సిటీ వాళ్ల ఫ్లాక్‌హార్ట్ టేబుల్ అని ఒకటుంది, నెట్‌లో ఉచితం. నా బ్రౌజర్‌లో బుక్‌మార్క్‌ల వరసలో మొదటిది అదే.

ఇప్పుడు పారాసెటమాల్. కాగితం మధ్యలో రాయండి. దాన్నుంచి మూడు బాణాలు.

మొదటి బాణం, నీలం, లావుగా. గ్లూకురోనైడ్. రెండో బాణం, నీలం, కొంచెం సన్నం. సల్ఫేట్. పారాసెటమాల్‌కి కొక్కెం ముందే ఉంది, ఇదిగో ఈ ఓహెచ్. కాబట్టి మామూలు డోసులో చాలా భాగం ఫేజ్ 1 తొక్కకుండా ఈ రెండు దారుల్లోనే పోతుంది. ఇక మూడోది, సన్నగా, ఎర్ర పెన్నుతో. నూటికి ఐదు నుంచి పది పాళ్లు ఇటు పోతాయి. ఇక్కడ సీవైపీ2ఈ1 కూర్చుని ఉంటుంది. అది తయారుచేసే పదార్థం ఎన్ఏపీక్యూఐ. మేం క్లాసులో నాప్‌క్వీ అంటాం.

ఇక్కడ ఆగుదాం. నేను తప్పు చేసింది ఇక్కడే. వైవాలో సార్ అడిగారు: "రోజూ తాగే మనిషిలో సీవైపీ2ఈ1 పెరుగుతుంది. అతనికి పారాసెటమాల్ వల్ల ప్రమాదం ఎక్కువా, తక్కువా?" నేను వెంటనే తక్కువ అన్నాను. ఎంజైమ్ పెరిగింది, మందు త్వరగా విరుగుతుంది, త్వరగా బయటికి పోతుంది, అలా ఆలోచించాను. సార్ ఏం తిట్టలేదు. కాగితం నా ముందుకు జరిపి, "బాణాలు గీయమ్మా" అన్నారు. గీస్తుంటే నాకే అర్థమైంది. ఎర్ర బాణం లావైంది.

మళ్లీ చెప్తాను, ఎందుకంటే ఏటా నా క్లాసులో పిల్లలు కూడా ఇక్కడే ఆగిపోతారు. విరగడం అంటే విషం పోవడం కాదు. ఫేజ్ 1 అంటే సగం శుభ్రం చేయడం కాదు. ఎంజైమ్‌కి ఇది మందు, ఇది విషం అని తెలియదు. దానికి తెలిసింది ఆక్సిజన్ పెట్టడం, ఎలక్ట్రాన్లు లాగడం. ఆ పనిలో ముందున్న దానికన్నా ఎంతో ప్రమాదకరమైనది పుట్టొచ్చు. పారాసెటమాల్ లివర్‌ని కాల్చదు. లివర్ చేసిన నాప్‌క్వీ కాలుస్తుంది.

మరి మామూలు డోసు వేసుకుంటే ఏమీ కాదేం? గ్లూటాథయోన్ ఉంది కాబట్టి. ఎర్ర బాణం చివర ఒక నీలం గీత గీయండి. నాప్‌క్వీ పుట్టిన వెంటనే గ్లూటాథయోన్ పట్టుకుని బయటికి తోసేస్తుంది. డోసు బాగా ఎక్కువైతే? సల్ఫేట్ నిల్వ ఖాళీ అయిపోతుంది, గ్లూకురోనైడ్ దారి నిండిపోతుంది, మిగిలిందంతా ఎర్ర దారిలో పడుతుంది. గ్లూటాథయోన్ అడుగంటుతుంది. అప్పుడు నాప్‌క్వీ లివర్ కణాల ప్రోటీన్లకే అతుక్కుంటుంది, కణం చచ్చిపోతుంది. ముందు లివర్ కణాల గుంపుల మధ్యలో ఉండే సెంట్రల్ వెయిన్ చుట్టూ ఉన్న కణాలు పోతాయి, ఎందుకంటే సీవైపీ2ఈ1 అక్కడే ఎక్కువ, గ్లూటాథయోన్ అక్కడే తక్కువ.

ఇప్పుడు ఈ స్ట్రిప్పులు చూడండి, కెమెరాకి దగ్గరగా పెడతాను. మా ఇంట్లో అమ్మకి జ్వరం వచ్చినప్పటివి. మొదటిది జ్వరం మాత్ర. వెనక తిప్పితే పారాసెటమాల్ 650. రెండోది జలుబు మాత్ర, ఇదిగో ఈ చిన్న అక్షరాలు, పారాసెటమాల్ 500. మూడోది ఒళ్లు నొప్పులకి పక్కింటివాళ్లు ఇచ్చింది, ఇందులో 325. మూడు పేర్లు, మూడు రంగులు. అమ్మ అనుకున్నది మూడు వేర్వేరు మందులని. మొదటిది రోజుకి మూడు, 1950. రెండోది మూడు, 1500. మూడోది రెండు, 650. కూడితే 4100 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకి రోజుకి గరిష్ఠంగా 4000. ఓ వంద మిల్లీగ్రాములు ఎక్కువవగానే లివర్ పాడైపోతుందని కాదు, కంగారు పడకండి. కానీ నాలుగు రోజులుగా అన్నం సహించక గంజి తాగుతున్న మనిషి ఆమె. సరిగ్గా తినకపోతే గ్లూటాథయోన్ నిల్వ తగ్గుతుంది. అది తలుచుకునే నాకు భయమేసింది. స్ట్రిప్ ముందు వైపు పేరు కాదు, వెనక వైపు కాంపోజిషన్ చదవండి.

పొరపాటున గానీ, కావాలని గానీ ఎవరైనా ఒకేసారి చాలా మాత్రలు మింగేస్తే, మొదటి రోజు పెద్దగా ఏమీ కనపడదు. వికారం, వాంతులు, కొందరికి అవీ ఉండవు. బాగానే ఉన్నారు కదా అని ఇంట్లో కూర్చోకండి. లివర్ దెబ్బతిన్న గుర్తులు సాధారణంగా రెండో రోజుకి బయటపడతాయి. విరుగుడు ఉంది, ఎన్-అసిటైల్ సిస్టీన్. గ్లూటాథయోన్ తయారీకి కావాల్సిన సిస్టీన్‌ను ఇస్తుంది. మింగిన ఎనిమిది గంటల లోపు మొదలుపెడితే చాలా బాగా పనిచేస్తుంది. ఆలస్యమైనా ఇస్తారు, ఫలితం ఉంటుంది. కానీ ఆ ఎనిమిది గంటలు మాత్రం పోగొట్టుకోకూడదు. ఏం జరిగిందో అడగడం తర్వాత, ముందు ఆస్పత్రి.

ఇదే ఎర్ర బాణం మందులకే కాదు. పొలాల్లో కొట్టే క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందునే చూడండి. అణువులో ఫాస్ఫరస్ పక్కన సల్ఫర్ ఉంటుంది, ఇలా. పీ450 ఆ సల్ఫర్ తీసి ఆక్సిజన్ పెడుతుంది, ఆక్సాన్ అవుతుంది. నరాల దగ్గర ఉండే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ని గట్టిగా పట్టి కట్టేసేది ఆ ఆక్సానే. మోనోక్రోటోఫాస్ అనే ఇంకో పురుగుమందులో ఆక్సిజన్ ముందే ఉంది, దానికి లివర్ సాయం అక్కర్లేదు. లివర్ మనకి మేలు కూడా చేస్తుంది, పారాక్సనేజ్ అనే ఎంజైమ్‌ని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది, అది ఆక్సాన్‌ని విరగ్గొడుతుంది. పసిపిల్లల్లో అది తక్కువ. మందు కొట్టి వచ్చిన బట్టలతో పిల్లల్ని ఎత్తుకోవద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

అఫ్లటాక్సిన్ కూడా అంతే. వేరుశనగ తడిసి, బూజు పట్టి, ఆస్పర్జిల్లస్ చేరితే పుట్టే విషం. మన రాయలసీమ పంటకి ఇది పాత తలనొప్పి, పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో దీని మీద ఏళ్లుగా పని జరుగుతోంది. లివర్‌లో పీ450 దాన్ని ఇపాక్సైడ్‌గా మారుస్తుంది, అది డీఎన్ఏకి అతుక్కుంటుంది, లివర్ క్యాన్సర్‌కి అదొక దారి. చేదుగా, నల్లగా ఉన్న పలుకుని ఉమ్మేయండి, వేయించేస్తే పోతుందనుకోకండి.

చివరగా ఈ ఎంజైమ్‌ల వేగం సంగతి, త్వరగా చెప్పేస్తాను. పంపరపనస. గ్రేప్‌ఫ్రూట్‌కి అమ్మ లాంటిది, ఆ జాతి పండ్లలో ఉండే ఫ్యూరనోకుమారిన్‌లు పేగు గోడలో ఉన్న సీవైపీ3ఏ4ని ఆపేస్తాయి. దాంతో కొన్ని బీపీ మందులు, కొన్ని కొలెస్ట్రాల్ మందులు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు వేసుకునే మందులు రక్తంలో పెరిగిపోతాయి. అలాంటి మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడిగి తినండి. రిఫాంపిసిన్ దీనికి పూర్తిగా వ్యతిరేకం, సీవైపీ3ఏ4ని పెంచుతుంది. టీబీకి రిఫాంపిసిన్ వాడే ఆడవాళ్లకి గర్భనిరోధక మాత్రలు పనిచేయకపోవచ్చు, ఎందుకంటే హార్మోన్ త్వరగా విరిగిపోతుంది. ఆ ఎంజైమ్ పెరగడానికి రెండు వారాల దాకా పడుతుంది, మందు ఆపాక తగ్గడానికీ దాదాపు అంతే. కోర్సు అయిపోయిన మర్నాడే మళ్లీ మాత్రల మీద ఆధారపడొద్దని కౌన్సెలింగ్‌లో తప్పకుండా చెప్పండి.

ఈ కాగితం ఫోటో కింద పెడుతున్నాను. కానీ ముందు మీ కాగితం మీద మూడు బాణాలు, చూడకుండా, ఒకసారి గీయండి. వచ్చే వీడియోలో ఐసోనియాజిడ్ అనే టీబీ మందు, అందరికీ ఒకే డోసు ఇచ్చినా కొందరికే చేతులు, కాళ్లు ఎందుకు తిమ్మిరెక్కుతాయో చూద్దాం. ఉంటానండి.